నా స్తోత్రాలన్నీ విన్న పికప్

నిండు సభలో, అందరూ కళ్లు మూసుకుని ఉన్న ఒక్క నిమిషంలో, గొంతు కూడా పెంచకుండా నలుగురు పెద్దమనుషుల పరువు తీసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే రండి, కూర్చోండి. ఆ మనిషిని నేనే. ఈ ఘనకార్యం దర్శిలో, పట్టపగలు, ప్రార్థన చేస్తూ చేశాను.

మాది గుంటూరు. మా ఇంటి వెనక గోడకి అవతల మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. ఆ ఘాటుకి నాకు చిన్నప్పుడే ఉబ్బసం పట్టుకుంటే, బడి మాన్పించి మా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. అందుకు అమ్మకీ దేవుడికీ ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. అయితే ఇంటి చదువుకి ఒక చిక్కుంది. క్లాసులో ఫస్టు నేనే, లాస్టూ నేనే. ఈ రెండో సంగతి నాకు ఇరవయ్యేళ్లు దాటినా తట్టలేదు.

మా చర్చి సంఘంలో ముగ్గురం ఒక జట్టు కట్టాం. డ్రమ్ములు మా పెద్దమ్మ కొడుకు ప్రభుదాసు అన్నయ్య. పాడేది మేరీ అక్క. ఎలక్ట్రిక్ గిటారు నాది. దేవుడి మహిమంటే ఉరుములు, మెరుపులు, భూకంపాలు కదా, దాన్ని హార్మోనియం మీద పాడితే ఉరుము కాస్తా ఉప్మా తాలింపులా వినబడుతుందని నా అభిప్రాయం. అందుకని కాలి కింద పెడలు తొక్కి, గిటారు మోతని చించి గర్జనగా మార్చే బరువైన సంగీతం ఎంచుకున్నాం. నవ్వకండి. మందిరంలో అమ్మమ్మలు కూడా నవ్వలేదు. చెవుల్లో పత్తి పెట్టుకున్నారు, అంతే.

అసలు గొడవ నా గిటారుతో. మందమైన చెక్క, పుట్టుకతోనే బొంగురు గొంతు. మామూలుగా వాయిస్తే గంభీరంగా ఉండేది. పెడలు తొక్కానా, స్వరాలన్నీ కలిసి పత్తి మూటలో ఇరుక్కున్న గేదెలా మూలిగేవి. మా సంఘపెద్ద ఇశ్రాయేలు గారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పిలిచారు.

"అమ్మాయ్ కృపా, మీ పాట విన్నాను. పిడుగురాళ్ల క్వారీలో మందు పేల్చినా ఇంతకంటే నాలుగు ముక్కలు విడిగా వినబడతయ్యి."

"గిటారు కాస్త బొంగురండీ."

"నాకదంతా తెలియదు. వచ్చే నెల దర్శిలో యూత్ మీటింగు. పాస్టరు అయ్యగారు బతిమాలారు కాబట్టి ఒక్క పాట ఇస్తున్నాను. అందులో ఒక్క ముక్క నాకు అర్థమైందా, ఇక ప్రతి ఆదివారం మీరే వాయించుకోండి. కాలేదా, గిటారు అటకెక్కుద్ది, హార్మోనియం బల్లెక్కుద్ది."

తీర్పు అయిపోయింది. గిటారుకి కొత్త పికప్ వేయించాలని నిర్ణయించాను. పికప్ అంటే గిటారు తీగల కింద ఉండే చిన్న పెట్టె. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. తీగల వణుకుని అదే విని స్పీకరుకి చేరవేస్తుంది. ఒక్క మాటలో, గిటారుకి చెవి.

బజారులో గిటార్లు బాగుచేసే మస్తాన్ గారి కొట్టుకి అన్నయ్యా నేనూ వెళ్లాం. ఆయన పాత పేపరు పరిచి, దాని మీద మూడు పికప్‌లు పెట్టారు, పెళ్లికూతుర్ని చూపించినట్టు.

మొదటిదాన్ని చూపించి, "ఇది మహా ఘాటండి. తీగ దండిగా చుట్టారు, అయస్కాంతం గట్టిది," అన్నారు.

అన్నయ్య ఎగిరి గంతేశాడు. "ఒసేయ్, అదే తీసుకో! గుంటూరోళ్లమై ఉండి చప్పిడిది కొంటామా?"

"నల్లరేగడిలో వాన పడ్డాక మళ్లీ నీళ్లు పెడతారా అన్నయ్యా? ఉన్న బురద చాలు. దీనికి కావలసింది ఘాటు కాదు, వెలుతురు."

మస్తాన్ గారు కళ్లజోడు పైకెత్తి నన్ను చూశారు. "అదీ మాట. పాపకి తెలుసు," అన్నారు.

ఆ రెండు ముక్కలే నన్ను ముంచాయి. మెచ్చుకోలు నెయ్యి లాంటిది, నా తల చిన్న గిన్నె. పొంగి పొయ్యిలో పడింది.

"అయితే ఈ రెండోది తీసుకోమ్మా," అన్నారాయన. "మోత తక్కువ, వెలుగెక్కువ. మైనంలో ముంచి తీసింది. బొంగురు గిటారుకి, పెడలు తొక్కి వాయించేవాళ్లకి ఇంతకంటే మంచిది లేదు."

"మరి ఆ మూడోది?"

"అదీ ఇలాంటిదే. కానీ మైనం లేదు. పాతకాలం పద్ధతి. నెమ్మదిగా వాయించుకునేవాళ్లకి తేనె. మీకొద్దు."

"ఎందుకొద్దండీ?"

"మైనం ఉంటే లోపల చుట్ట కదలకుండా పట్టుకుంటుందమ్మా. లేకపోతే అది వదులుగా ఉండి, గిటారు తీగలతో పాటు పక్కనున్న మోతంతా వింటుంది. పెడలు తొక్కి ఉన్నప్పుడు మీరు దగ్గరగా తుమ్మితే స్పీకరు తుమ్ముద్ది."

అక్కడితో చెంపలేసుకుని రెండోది తీసుకోవాలి కదా? తీసుకోలేదు. ముందురోజంతా నెట్‌లో చదివిన పాండిత్యం కడుపులో గుడగుడలాడుతోంది.

"మైనం పోస్తే పికప్‌కి ఊపిరాడదటండీ. మైనం లేనిది ప్రాణమున్నట్టు పలుకుతుందట. అయినా వినే గుణం ఎక్కువుంటే మంచిదే కదండీ?"

మస్తాన్ గారు నా వంక చూశారు, కొట్టు పైకప్పు వంక చూశారు, మళ్లీ నా వంక చూశారు.

"మంచిదేనమ్మా," అన్నారు. "అది వినేదాన్ని బట్టి."

మూడోదే బిగించి ఇచ్చారు.

ఇంట్లో చిన్న స్పీకరు మీద, అమ్మకి తలనొప్పి రానంత మెల్లగా వాయించి చూస్తే, ఏం చెప్పను! పత్తి మూట విప్పి దులిపినట్టు ఒక్కో స్వరం విడిగా తెల్లగా రాలింది. అమ్మ వంటింట్లోంచి, "ఇవాళేమిటే, గిటారులా వినబడుతోందీ?" అంది. నేను లోకజ్ఞానినైపోయాను.

ఇప్పుడు నా ఒక అలవాటు గురించి చెప్పాలి. వాయించే ముందు గిటారు మీదికి వంగి, పెదవులు దాదాపు తీగలకి తగిలేలా, గుసగుసగా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని. అది చూసి సంఘంలో ఆడవాళ్లు, "కృపని చూడండే, ఎంత భక్తో!" అనేవారు. అంటారని నాకు తెలుసు. అందుకే ఇంకాస్త ఎక్కువసేపు వంగేదాన్ని. ఇక ఆ కృతజ్ఞతల్లో ఏముండేదో దేవుడికే తెలుసు అనుకునేదాన్ని. దర్శి దాకా అదే నిజం.

దర్శిలో హాలు నిండిపోయింది. ముందు వరసలో ఇశ్రాయేలు గారు. మా వెనక మనిషెత్తు స్పీకరు, దాని మోతంతా పెద్ద హాలుకి తగ్గట్టు పెంచి ఉంది. మేరీ అక్క మైకు పట్టుకుంది. అన్నయ్య కర్రలు సర్దుకున్నాడు. నేను పెడలు తొక్కి, వాల్యూము నిండుగా తిప్పి, తీగల మీద అరచెయ్యి ఆనించి సిద్ధంగా ఉన్నాను. అప్పుడు అయ్యగారు, "పాటకి ముందు ఒక్క నిమిషం అందరం మౌనంగా ప్రార్థన చేద్దాం," అన్నారు.

అందరూ తలలు వంచారు. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. నేనూ వంగాను.

"స్తోత్రం తండ్రీ," అన్నాను గుసగుసగా.

వెనకనుంచి బావిలో ఎలుగుబంటి దగ్గినట్టు ఒక గొంతు, "స్తోత్రం తండ్రీ," అంది.

ఎవరో పెద్దాయనకి జలుబు చేసిందనుకున్నాను. పాపం. కొనసాగించాను.

"నాలుగు దాకా లెక్కపెట్టడం రాని ప్రభుదాసు అన్నయ్యని నా పక్కన కూర్చోబెట్టి, నాకు ఓర్పు నేర్పుతున్నందుకు స్తోత్రం. మేరీ అక్క శ్రుతి తప్పిన ప్రతిసారీ నా ముఖం మీద చిరునవ్వు నిలిపినందుకు స్తోత్రం. అయ్యగారి ప్రసంగాన్ని ఇవాళ గంటన్నరకే ఆపి మా నడుములు కాపాడినందుకు స్తోత్రం. ఇశ్రాయేలు గారికి ఒక్క చెవే పనిచేస్తున్నందుకు, ఆ చెవి మా వైపు లేకుండా ఆయన్ని కూర్చోబెట్టినందుకు, ప్రభువా, మరీ మరీ స్తోత్రం."

ఆ గర్జన నా మాటలే చెబుతోందని నాకు చివరి స్తోత్రం దగ్గర అనుమానం వచ్చింది. భయంతో, "ఎవరదీ?" అన్నాను.

"ఎవరదీ?" అంది స్పీకరు.

కళ్లు తెరిచాను. హాలంతా కళ్లు తెరిచే ఉంది. వెనక వరసలో ఒక మామ్మ లేచి, "దయ్యం! పెట్టెకి దయ్యం పట్టిందయ్యో!" అని అరిచింది.

ఇశ్రాయేలు గారు నెమ్మదిగా లేచారు. "కూర్చో మరియమ్మా. దయ్యానికి నా చెవి సంగతి ఎలా తెలుస్తుంది? ఇది మన కృపే."

నేను అదిరిపడి వెనక్కి ఒకడుగు వేశాను, సరిగ్గా స్పీకరు పక్కకి. అప్పుడు గిటారు కూసిన కూతకి ఊళ్లో కుక్కలు బదులిచ్చాయి. "మైనం ఉన్నది తీసుకోమని మస్తాన్ గారు చెప్పలేదుటే!" అని అరుస్తూ అన్నయ్య పరుగున వచ్చి వైరు పీకాడు. గోడలకి చెవులుంటాయని పెద్దలన్నారు కానీ, గిటారుకీ ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. కాదు, అబద్ధం. మస్తాన్ గారు చెప్పారు. నేనే వినలేదు.

ముందుగా నవ్వింది అయ్యగారే. "నడుములా, అమ్మా?" అని అడిగి, కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. దాంతో హాలంతా పగిలింది. మేరీ అక్క మాత్రం మైకులో, "నేను శ్రుతి తప్పుతానంటావా?" అని ఇంకా అడుగుతూనే ఉంది, కాస్త శ్రుతి తప్పి.

ఇశ్రాయేలు గారు నవ్వలేదు. కుర్చీ ఎత్తి, గిర్రున తిప్పి వేసుకుని, పనిచేసే చెవి మా వైపు పెట్టి కూర్చున్నారు. "ఊఁ. కానివ్వండి పాట."

వైరు మళ్లీ పెట్టి, నేను స్పీకరుకి వీలైనంత దూరంగా, వేదిక చివర ఒక కాలు గాల్లో ఉన్నట్టు నిలబడి వాయించాను. అన్నయ్య కర్రలు పైకెత్తి, నా కళ్లలోకి చూస్తూ హాలంతా దద్దరిల్లేలా, "ఒకటీ! రెండూ! మూడూ! చెల్లెమ్మా, ఇదిగో, నాలుగూ!" అని మొదలుపెట్టాడు. పాట ఆగిన ప్రతిచోటా గిటారు కూసింది. జనం దాన్ని కూడా పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

పాట అయ్యాక ఇశ్రాయేలు గారు లేచారు. నా కళ్లముందు అటక కనబడింది. అటక మీద బూజు కూడా కనబడింది.

"పాటలో ఒక్క ముక్క అర్థమైతే చాలన్నాను," అన్నారాయన. "పాట సంగతి ఎందుకులే. పాటకి ముందు మాత్రం ఆ పెట్టెలోంచి ప్రతి ముక్కా అర్థమైంది. ఈ ఒంటి చెవికి కూడా. ఇచ్చిన మాట ఇచ్చినట్టే, ప్రతి ఆదివారం వాయించుకోండి." ఆగి, నా వైపు వేలు చూపించారు. "కానీ ముందు మైనం పోయించుకు రా. ముందు ఆ గిటారుకి. మిగిలితే నీ నోటికి."

మందిరంలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అయ్యగారే సంచీలో వేసి ఇచ్చారు. వాటితో మస్తాన్ గారి కొట్టుకి వెళ్లాను. ఆయన నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి, మైనం కరిగించి, అందులో పికప్ ముంచారు. బుడబుడమని బుడగలొచ్చాయి.

"లోపలున్న గాలి పోతోందమ్మా," అన్నారు.

"ఇక్కడ కూడానండీ," అన్నాను నా తల తట్టుకుని.

ఆ పికప్ ఇప్పటికీ నా గిటారులో ఉంది. వెలుతురు తగ్గలేదు, ఊపిరీ ఆగలేదు. ఎవరు తుమ్మినా పట్టించుకోదు. నన్ను క్షమించిన ఆ నలుగురికీ నేను రుణపడి ఉన్నాను, వాళ్లు వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటారు కూడా.

మా క్రైస్తవుల్లో ఒట్లు పెట్టుకోకూడదు కాబట్టి దీన్ని తీర్మానం అందాం. అమ్మ ముందు చేతులు కట్టుకుని చదివి వినిపించాను. ఇకమీదట గిటారు మెడలో ఉండగా నేను దేవుడితో మాట్లాడను. మాట్లాడక తప్పకపోతే ముందు వాల్యూము సున్నాకి తిప్పుతాను. చెప్పే ప్రతి స్తోత్రమూ మనిషెత్తు స్పీకరులో వినబడినా సిగ్గుపడనిదై ఉంటుంది. ఈ తీర్మానం నిలబెట్టుకునే బుద్ధి ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం. ఎట్టకేలకు నాలుగు దాకా లెక్క నేర్చుకున్న అన్నయ్యని ఇచ్చినందుకు…

ఆగండాగండి. వాల్యూము ఒకసారి చూసుకుని వస్తాను.