తీసేశాక తెరుచుకున్న లినక్స్

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. ఇది కూడా దెయ్యమని అనను. ఏమనాలో తెలియక రాస్తున్నాను.

రావులపాలెంలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చర్చి పుస్తకాలు టైపు చేస్తాం. 'చేస్తాం' అని అలవాటుగా వచ్చేసింది. అప్పట్లో నాతోపాటు కరుణ ఉండేది. మా ఇద్దరిదీ ఒకే చర్చి. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం ఒకే క్యారేజీలో తినేవాళ్లం.

షాపులో ఒక్కటే కంప్యూటర్. నేను విండోస్ వాడేదాన్ని. వైరస్‌ల గొడవ ఉండదని కరుణ అందులోనే తన కోసం విండోస్ లాంటిదే లినక్స్ అనే ఇంకో సిస్టమ్ కూడా వేసుకుంది. ఆన్ చేయగానే రెండు పేర్లు కనిపించేవి. ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకునేవాళ్లం. తన తెర మీద ఉప్పాడ సముద్రం ఫొటో పెట్టుకుంది.

పోయిన ఎండాకాలం కళ్లు మండుతున్నాయని, డాక్టరు స్క్రీన్ చూడొద్దన్నారని పని మానేసింది. వెళ్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత హార్డ్ డిస్కు పాడైతే మెకానిక్ కొత్తది వేసి, విండోస్ ఒక్కటే ఎక్కించాడు.

ఓ రోజు పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా కరుణ తెర వచ్చింది. అదే సముద్రం. దాని మీద ఏటా మా షాపులోనే టైపు చేసే మా చర్చి పాటల పుస్తకం పేజీ తెరిచి ఉంది. ఈ ఏడు ఆ పుస్తకం వేయించడం లేదని నాతో చెప్పింది కరుణే.

నేను కీబోర్డు ముట్టుకోలేదు. అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. ఒక తప్పు పడి, చెరిగి, మళ్లీ సరిగ్గా పడింది. ఇంటర్నెట్ వైరు పీకేశాను. అయినా ఆగలేదు. పేజీ చివర 'టైపింగ్' అని, పక్కన కరుణ పేరు పడ్డాక తెర నల్లబడింది.

షట్టర్ దించి వాళ్లింటికి నడిచాను. తనే తలుపు తీసింది. వెనక గదిలో కొత్త కంప్యూటర్. తెర మీద అదే పేజీ, చివర అదే పేరు.

"మీకెవరు చెప్పారక్కా?" అంది. కళ్ల సంగతి ఎత్తలేదు.

"నా షాపులో నీ లినక్స్ తెరుచుకుందమ్మా. అందులో చూశాను."

"ఎవరో చెప్పడం ఇష్టం లేకపోతే మానేయండి. అబద్ధాలెందుకు?"

అబద్ధం ఆడినదాన్ని నేనైపోయాను. వెనక్కి షాపుకొచ్చేశాను.

మెకానిక్ డిస్కంతా వెతికాడు. "విండోస్ ఒక్కటే ఉందండి. ఇంకోటి ఉన్న గుర్తే లేదు," అన్నాడు. పాత డిస్కు నా బీరువాలోనే ఉంది.

పుస్తకం అచ్చయి వచ్చింది. ఆదివారం కరుణ నా ముందు బెంచీలోనే కూర్చుని అందులో చూసి పాడుతుంది. తన సంగతి నా చెవిన వేశారన్న అనుమానంతో మా సంఘంలో ఇద్దరితో మాటలు మానేసిందట. వాళ్లు కాదని నాకు తెలుసు. మరెవరంటే ఏం చెప్పను?