పులి బుగ్గకు గోడ పుట్టీ

చంద్రపూర్‌లో పులిని చూసి జనం భయపడడం మామూలే. పులిని చూసి పొట్టలు పట్టుకుని నవ్వింది మాత్రం ఒక్కసారే. ఆ ఘనత నాది. ఆ పులిని ఎంత చక్కగా నాశనం చేశానో చెబుతాను. మా బావకు మాత్రం చెప్పకండి, ఈ మధ్యే మళ్లీ నాతో మాట్లాడుతున్నాడు.

ఆ ఊళ్లోనే తుకుం అనే పేటలో మాది కిరాణా కొట్టు. ఎవరైనా 'మంచి సరుకు' అంటే, ఎందుకంటున్నాడా అని అనుమానించడం నాకు బియ్యం బస్తాల మధ్యే అబ్బింది. ఊరికే ఇస్తానంటే మరీ ప్రమాదం. మా కొట్లో మేం ఊరికే ఇచ్చేవి గడువు దాటబోయే బిస్కెట్లే.

ఆ ఏడు గణపతి మండపం నాటకంలో మా అక్క భర్త రాజన్న బావకు పులి వేషం దొరికింది. మాజ్రి బొగ్గు గనిలో పనిచేసే ఆయనకు అంతవరకూ ప్రతి నాటకంలో చెట్టు వేషమే. కూతురు చిన్ని 'మా నాన్న పులి' అని బడంతా చాటింది. రెండు నెలలు ఆయన స్నానాల గదిలో గర్జన సాధన చేస్తే పక్కింటి కుక్క వీధి మారింది.

"బామ్మర్దీ, మాస్కు సంగతి నువ్వే చూడాలె. నా ఇజ్జత్ నీ చేతుల పెడుతున్న."

"ఫికర్ వద్దు బావా. నన్ను మోసం చేసేటోడు ఇంకా పుట్టలే."

నిజమే. ఆ పనికి నేను చాలు.

బల్లార్‌పూర్‌లో లింగయ్య కాకా రబ్బరు పాలతో మాస్కులు అచ్చుపోస్తాడు. నేను వెళ్లగానే రంగు వేయని పులి ముఖాన్ని చేతిలో పెట్టాడు. బుగ్గల నిండా గాలిబుడగల గుంటలు, చెవి నుంచి గడ్డం దాకా అచ్చు అతుకు గీత.

"ఏంది కాకా, పులికి అమ్మవారు పోసిందా?"

"రంగుకు ముందు సాపు చేస్కోవాలె బిడ్డా. గీతను కత్తెరతోని సన్నంగ కత్తిరించు. గుంటల్ల గీ రబ్బరు పాలే వేలితోని రుద్దు, ఆరినంక మల్లా రుద్దు. సబ్బునీళ్లతోని కడిగి అప్పుడు రంగెయ్యి. గోడ పుట్టీ మాత్రం ముట్టకు."

"ఎందుకు?"

"రబ్బరు సాగుతది. పుట్టీ సాగదు."

తను అమ్మని సరుకును చెడ్డదంటున్నాడు! మేం రోజూ చేసే పనే కదా.

"మరి ఆ పాలు ఎంత?"

"ఊకెనే తీస్కపో. సీసాల మిగిలింది."

ఊకెనే! మూత తీసి వాసన చూశాను. బస్టాండు మూత్రశాల మొత్తం ముక్కులోకి వచ్చి కూర్చుంది.

"ఇది ఖరాబైంది కాకా."

"దాని వాసనే గంత."

పురుగుపట్టిన పప్పు గురించి మేమూ ఇలాగే చెబుతాం. ఆయన చూడకుండా సీసాను బల్ల కింద పెట్టి, గెలిచినవాడిలా బస్సెక్కాను.

ఇంట్లో పుట్టీ దట్టంగా పూసి, గరుకు కాగితంతో రుద్ది, పసుపు రంగు వేసి చారలు దిద్దాను. ముఖం అద్దంలా మెరిసింది.

"పెండ్లికొడుకు లెక్కున్నదిరా! ఒకసారి ఏస్కొని చూస్త."

"కొత్త సరుకును ముందుగాలనే పాతది చేస్తవా బావా?"

నాటకం మొదలైంది. పులి దూకింది. దాచుకున్న గర్జననంతా బయటికి వదిలింది. టప్! కుడి బుగ్గ రాలి ముందు వరుసలో పడింది. రెండో గర్జనకు నుదురు పోయింది.

"సున్నం రాలుతున్నదే! ఏ గోడను మింగిందో!" అంది ఒక ముసలమ్మ.

మండపం గొల్లుమంది. చిన్ని ఒక్కతే ఏడుస్తూ లేచి నిలబడింది. "నాన్నా, గర్జించకు! ఊడిపోతున్నవ్!"

ఆ తర్వాత పులి నోరు విప్పలేదు. వేటగాడు వచ్చి "గర్జించు రాజన్నా" అని గొణిగితే, "మూతి గూడ పోతది" అని గొణిగి చచ్చిపోయింది, రెండు సీన్లు ముందే.

నిమజ్జనానికి ముందురోజు నాటకం మళ్లీ వేస్తామన్నారు. పుట్టీ అంతా గీకేసి లింగయ్య కాకా దగ్గరికి పరుగెత్తాను. సీసా బల్ల కిందే ఉంది.

"ఇప్పుడు ఊకె ఇయ్య బిడ్డా. కొనాలె" అంటూ ధర చెప్పాడు.

ధర వినగానే నా మనసు కుదుటపడింది. అంటే అసలు సరుకే! గంటసేపు బేరమాడి సగానికి తెచ్చాను. ఇంట్లో గొప్పగా చెబితే అక్క అడిగింది: "ఊకె ఇచ్చినదాన్ని సగానికి తెచ్చినవా?"

ఈసారి కాకా చెప్పింది చెప్పినట్టే చేశాను. బావ గర్జించాడు. ఒక్క పెచ్చు రాలలేదు. చిన్ని రెండు చెవులూ మూసుకుని నవ్వింది.

అందుకే రబ్బరు పాల సీసా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరేది ఊరికే ఇచ్చినా మారుమాట లేకుండా కళ్లకద్దుకుని తీసుకుంటాను. మూత మాత్రం ఒక్కసారి తీసి చూస్తాను.