బెల్టుకు అడ్డం

మిర్యాలగూడలో ఆ రైసుమిల్లు ఉన్న వీధికి నేను ఇప్పటికీ పోను. పోతే నా నోరు ఊరుకోదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఆ మిల్లులోనే మా నాన్న ప్రాణం పోయింది. ఇంజను నుంచి మరకు తిరిగే బెల్టు ఆయన కండువా కొసను పట్టుకుని మనిషినే లాగేసింది. ఆ బెల్టుకు నాలుగు చెక్కలు అడ్డం కొట్టించమని ఆయన యజమానిని ఎంత బతిమాలినా వినలేదు. ఇంటికొచ్చి మాతో అదే చెప్పుకునేవాడు.

నేనప్పటికే కోదాడ కోడలిని. పెద్దకర్మ అయిన మర్నాడే మా మామగారు రాజీ మాట మోసుకొచ్చారు. యజమాని ఏడాది తిండికి బియ్యం పంపుతాడట, మా తమ్ముడికి నాన్న పనే ఇస్తాడట. మేము కోర్టు మెట్లెక్కకూడదు.

"చెల్లెమ్మా, పోయిన మనిషి తిరిగొస్తాడా? కోర్టంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. పిల్లాడికి పని దొరుకుతోంది, ఒప్పుకోండి" అన్నారు అమ్మతో.

నాకు ఒళ్ళు మండింది. నాన్న పనంటే నాన్న నిలబడ్డ చోటే కదా!

అమ్మ తమ్ముణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని మిల్లుకు నడిచింది. బెల్టు తిరుగుతూనే ఉంది. దాని పక్కనే కొత్త కూలీ ఒకడు వడ్లు పోస్తున్నాడు. నాన్నను మింగాక కూడా దానికి అడ్డం లేదు.

"సేటూ, ముందుగాల గీ బెల్టుకు అడ్డం కట్టియ్యి. కట్టినంక నీ రాజీ కాయిదం మీద ఏలిముద్ర ఏస్త" అంది అమ్మ.

యజమాని నవ్వాడు. "ఇప్పుడు కడితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టయితది గదమ్మా. జర లొల్లి సల్లారనియ్యి, సూద్దాం."

"అప్పటిదాంక నా కొడుకును గీడ నిలవెట్టాల్నా?"

అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. సూర్యాపేటలో ఒక వకీలును పట్టుకుని దావా వేశాం. మామగారు నన్ను చాలాకాలం పుట్టింటికి పంపలేదు.

కోర్టు మనిషి మిల్లు చూడవచ్చేసరికి బెల్టు చుట్టూ చెక్కలున్నాయి. పాతవిగా కనబడాలని యజమాని వాటికి మసి కూడా పూయించాడు, దొంగముండాకొడుకు! అడ్డం మొదటినుంచీ ఉందనీ, మా నాన్నే దాన్ని దాటిపోయాడనీ ప్రమాణం చేసి చెప్పాడు. కూలీలు తలలు దించుకుని అవునన్నారు. దావా కొట్టేశారు.

తీర్పు రోజు ఎలాగో కోర్టుకు చేరిన నేను బయట ఏడుస్తూ శాపనార్థాలు పెడుతుంటే అమ్మ నన్ను ఆపింది.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? అడ్డమైతే కట్టిండు గదా."

తమ్ముడు చిలుకూరులో పొలం పనికి కుదిరాడు, ఆ మిల్లు గడప తొక్కలేదు. ఆ కొత్త కూలీ మాత్రం ఆ బెల్టు పక్కనే పనిచేస్తూ ముసలివాడయ్యాడని విన్నాను. అమ్మకు అది చాలింది. నాకు ఈనాటికీ చాలలేదు. నాలుగు చెక్కలు, ఒక పూట పని. మా నాన్న అడిగిందీ అదే.