సారు చూపిన ఉదాహరణలు

హిందూపురం కాలేజీలో మా సైకాలజీ సారు పరీక్షల ముందు మానసిక రుగ్మతలన్నీ ఒక్క పూటలో తిరగేసేవాడు. ఒక్కో జబ్బుకూ సుద్దముక్కతో మాలో ఒకరిని చూపించేవాడు. "మనిషిని చూసి నేర్చుకుంటే మర్చిపోరప్పా" అనేవాడు. ఊరికే చేతులు కడుక్కునే పిల్ల ఓసీడీ. నాయన పోయి నెల తిరగని నేను డిప్రెషన్. క్లాసంతా నవ్వింది. పరీక్షలో డిప్రెషన్ ప్రశ్నకు ఎవరూ తప్పు రాయలేదు.

మొన్న ధర్మవరం స్టేషన్లో ఆయనే పలకరించాడు. పక్కన భార్య, ఆమె ఒళ్లో పట్టుచీరల సంచి. నా పేరు ఆయనకు గుర్తు రాలేదు.

"నువ్వు డిప్రెషన్ కదమ్మా? ఇప్పుడు యాడుండావు?" అంటూ భార్యకు నన్ను వేలితో చూపించాడు.

రైలొచ్చింది. ఆయన ముందు నడిచాడు. ఆమె సంచి ఎత్తుకుంటూ నాతో మెల్లగా అంది.

"ఇంట్లో నన్ను యాంగ్జైటీ అనే పిలుస్తాడు పాపా."