గ్యాసే అన్నారు మా సార్

మా కంప్యూటర్ సార్ పోయారు. మార్కాపురంలో ఆయన దగ్గర నా తర్వాత చదువుకున్న అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, సార్ పోయినాడక్కా" అని ఏడ్చింది. ఏమైందే అని అడిగాను. "నిన్న సాయంత్రం క్లాసు చెప్తా చెప్తా ఛాతీలో మంటగా ఉందన్నాడంట. గ్యాసేలే అని సోడా తెప్పించుకుని తాగినాడంట. ఇంటికి పోయి పడుకున్నాయన తెల్లారి లేవలా" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం బాగుండదని నాకూ తెలుసు. అయినా వచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. ఎందుకో చెబితే మీకూ వస్తుంది.

సార్ సెంటరు ఒక పలకల గోడౌను మీది మేడగది. కిటికీలు తీస్తే పలకల పొడి కీబోర్డుల మీద పేరుకునేది, మూస్తే ఉక్కతో ప్రాణం పోయేది. అక్కడ ఆయన డిగ్రీ పిల్లలకు పైథాన్ ప్రోగ్రామింగు నేర్పేవారు. ప్రోగ్రాం మొత్తం ఫైల్లో రాసుకుని ఒక్క దెబ్బన నడపడం ఆయన దృష్టిలో నేరం. కంప్యూటర్లో ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరవాలి. ఒక్క లైను టైపు చేయాలి. ఎంటర్ కొట్టేముందు, దీనికి మిషను ఏం జవాబిస్తుందో గట్టిగా పైకి చెప్పాలి. చెప్పిందీ వచ్చిందీ ఒకటైతేనే ఇంకో లైను. కాకపోతే ఎందుకు కాలేదో తేలేదాకా అక్కడే కూర్చోవాలి.

"మనసులో అనుకున్నాను సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. "మనసులో అనుకున్నది ఎవరికైనా కరెక్టే అయితాది. పైకి చెప్పు, నలుగురూ వినాల" అనేవారు. దాంతో గదంతా "ఏడు వస్తాది సార్", "ఎర్రర్ వస్తాది సార్" అని ఒకటే కేకలు. కింద పలకలు కట్టలు కట్టేవాళ్ళు తల పైకెత్తి, "ఏంది సార్, వేలంపాట పెట్టినారా?" అని అడిగేవారు.

నేను చేరిన కొత్తలో క్లాసు మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం ఇచ్చారు. ఇంటి దగ్గర కాగితం మీద మొత్తం రాసుకుని గర్వంగా పట్టుకెళ్ళాను. సార్ చూసి, "రాత ముత్యాల్లాగ ఉంది" అని మెచ్చుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న టేబులు కాలి కింద పెట్టారు. ఏడుపు ఆపుకుంటూ మళ్ళీ మొదటి నుంచి ఒక్కో లైనూ కొట్టాను. చివరికి సగటు సరిగ్గా వచ్చింది.

"క్లాసుకు ఒక్కరూ రాకపోతే?" అన్నారు.

"రాకపోవడం ఏంది సార్? క్లాసన్నాక వస్తారు గదా."

"రాలేదనుకో. ఖాళీ లిస్టు ఇచ్చి చూడు."

ఇచ్చాను. సున్నాతో భాగించమంటావా అన్నట్టు తెర నిండా ఎర్రర్ పరిచింది. నా మొహం మాడిపోయింది. సార్ మాత్రం తనకిష్టమైన కూర వడ్డించినట్టు కుర్చీ దగ్గరికి లాక్కుని, "అది నిన్ను తిట్టడంలా తల్లీ. యాడ తప్పిందో చూపిస్తాంది. చివరి లైను ముందు చదువు" అన్నారు. నేటికీ నేను చివరి లైనే ముందు చదువుతాను.

ఇంకో బాధ కరెంటు. అది పోయిందంటే అంతసేపూ మేం కొట్టినవన్నీ గాలికి పోయేవి. ఫైల్లో దాచుకుంటాం సార్ అని ఎంత మొత్తుకున్నా, "పోనీలే, రెండోసారి తొందరగా వస్తాది" అనేవారు. నిజంగానే తొందరగా వచ్చేది. అందుకే ఇంకా చిరాకేసేది.

చదువైపోయాక ఒక కంపెనీవాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. వాళ్ళు చూస్తుండగా, వాళ్ళ కళ్ళముందే రాయాలన్నారు. అలవాటు కొద్దీ నల్ల తెర తెరిచాను. ఒక్కో ముక్కా కొడుతూ, ఏం వస్తుందో పైకి చెబుతూ పోయాను. ఒకచోట నేను చెప్పింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. "నేననుకున్నది తప్పండీ, ఎందుకో చూస్తాను" అని చూసి దిద్దాను. అక్కడే నిన్ను తీసుకోవాలనుకున్నామని తర్వాత చెప్పారు. ఈ రోజు గిద్దలూరులో మా ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్నానంటే అది సార్ పెట్టిన అన్నమే. అందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఆయన పిచ్చి నల్ల తెరతో ఆగేది కాదు. కనిగిరి బస్సు ఎక్కాలంటే బోర్డు చదివి, కండక్టరును అడిగి, పక్కసీటాయనను కూడా అడిగి అప్పుడు కూర్చునేవారు. ఇంట్లో సార్ భార్య, మా ఆంటీ, పొయ్యి దగ్గర ఉంటే గరిటె పట్టుకుని తయారు. "ఉప్పేసినాక ఒక చుక్క, చింతపండు పోసినాక ఒక చుక్క. దించేలోపల సగం పులుసు ఈయనే తాగేస్తాడు. నీకు నేర్పినట్టే నాకూ నేర్పుతాడంట" అని ఆమె నా దగ్గర విసుక్కునేది.

అటువంటి మనిషి. పోయిన వేసవిలో చూడడానికి వెళ్తే సెంటరు మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకున్నారు. నుదురంతా చెమట. కాసేపటికి తేరుకుని, "గ్యాసు. సోడా తాగితే తగ్గుతాది" అన్నారు.

"తగ్గితే అది గ్యాసేనని ఎట్ల చెప్తారు సార్? ఒక్కసారి సరిగ్గా వచ్చిందని మమ్మల్ని ఎప్పుడైనా వదిలిపెట్టినారా?"

"నువ్వు బాగా నేర్చుకున్నావు" అని నవ్వారు.

"నవ్వులాట కాదు. ఈసీజీ తీయించుకోండి. ఇప్పుడే పోదాం పాండి."

"క్లాసుంది తల్లీ. అయినా నడిచేదాన్ని కెలకడం ఎందుకు?"

నడుస్తోంది గదా అని వదిలేసిన ప్రతి ప్రోగ్రామునూ గుచ్చి గుచ్చి విప్పించిన నోటితో ఈ మాట! ఆ రోజు నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ పోట్లాడాను. ప్రతిసారీ రేపు పోతానన్నారు. ఆ రేపు వచ్చినప్పుడల్లా సెంటరుకే వెళ్ళారు.

బేస్తవారిపేట దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక పాత విద్యార్థులు ఒక్కొక్కరే లేచి సార్ ఓపిక గురించి, మంచితనం గురించి చెప్పారు. అన్నీ నిజాలే. నన్ను మాట్లాడమంటే లేవలేదు. లేస్తే ఆయనను తిట్టేదాన్ని.

భోజనాల దగ్గర ఆంటీ నా పక్కన కూర్చుంది. "అందురూ ఏడుస్తాండారు. నువ్వొక్కదానివే మొహం గంటు పెట్టుకున్నావు" అంది.

"కోపంగా ఉంది ఆంటీ."

"నాకూ అంతే" అంది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు చూశాను, నాలుగడుగులకే ఆమెకు ఆయాసం వచ్చింది. ఏంటది అని అడిగితే, "ఏముంది, ఏడ్చి ఏడ్చి నీరసం" అంది. ఇక నేను వినలేదు. మరుసటి రోజే బలవంతంగా కారెక్కించి మార్కాపురంలో ఈసీజీ తీసే ఒక ల్యాబుకు తీసుకెళ్ళాను. దారి పొడవునా నా మీద సణుగుతూనే ఉంది. పైఅంతస్తులో, కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి వైర్లు పెట్టారు. మిషను బుర్రుమని సన్నటి కాగితం వదిలింది. అక్కడ పనిచేసే అమ్మాయి దాన్ని చింపుకుని, "లెయ్యమ్మా, అయిపోయింది. డాక్టరు చూసి చెప్తాడు" అంది.

"అయిపోయిందా? ఇంతేనా?" అంది ఆంటీ.

"ఇంతేనమ్మా."

ఆంటీ లేచి కూర్చుని పైట సర్దుకుంటూ కిటికీలోంచి చూసింది. రోడ్డుకు అవతల పలకల గోడౌను, దాని మీద తాళం వేసిన మా సెంటరు.

"ఇంతేనా?" అని అటే చూస్తూ మళ్ళీ అడిగింది. ఈసారి అడిగింది ఆ అమ్మాయిని కాదు.