ఆళ్లగడ్డలో ఆఖరి గోలు

బెంగళూరులో రాత్రి బండి ఎక్కేటప్పుడు నా చేతిలో ఒక గుడ్డ సంచి మాత్రమే ఉంది. అందులో బూట్లు, ఒక జత బట్టలు, ఎడమ మోకాలికి చుట్టుకునే పట్టీ. ఎనభైల మొదట్లో సంగతి ఇది. క్రిస్మస్ అయిపోయిన వారం.

ఆళ్లగడ్డలో పత్తి వ్యాపారం చేసే ఒక శెట్టిగారు ఏటా చలికాలం ఫుట్‌బాల్ పోటీ పెట్టించేవారు. ఫైనల్‌కు తన జట్టులో ఫార్వర్డు లేడని, వచ్చి ఆడిపొమ్మని మనిషిని పంపారు. నేను నంద్యాలవాణ్ణి. బంతి పట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాక సొంత జిల్లాలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడేసి, అటునుంచి అటే ఇంటికి పోయి అన్నను చూద్దామనుకున్నాను. తర్వాత మలబారు పోవాలి. అక్కడొక మేనేజరు ఇంకొక్క సీజను ఆడమని పిలిచాడు. వస్తానని ఇంకా చెప్పలేదు గానీ, మనసులో అనుకున్నది అదే.

తెల్లవారుజామున గుంతకల్లులో దిగి మీటరు గేజి బండి మారాలి. ఆ దారిన పోయేవాళ్లకు ఒక మాట. గుంతకల్లులో కాఫీతో సరిపెట్టుకుని ద్రోణాచలం దాకా ఆగండి. అక్కడ ప్లాట్‌ఫారం మీద వేడివేడి మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. కాగితంలో పొట్లం కట్టించుకుని ఎక్కితే బేతంచెర్ల రాళ్ల గనులు కనిపించేదాకా తినొచ్చు.

ఎదురు సీట్లో వెలుగోడు రైతు ఒకాయన కూర్చున్నాడు. నేను కాలు చాపుకుని మోకాలు రుద్దుకుంటుంటే చూసి అడిగాడు.

"యాడికి పోతాండావప్పా?"

"ఆళ్లగడ్డకు."

"ఏం పని జేస్తావ్?"

"ఫుట్‌బాల్ ఆడతా."

"అది సరేలేప్పా. పని ఏం జేస్తావ్?"

"అదే పని."

ఆయన నవ్వలేదు. కాసేపు నా కాలివంకే చూసి, "ఎన్నేండ్లు జేస్తారు ఆ పని?" అన్నాడు. నేను కాలు ముడుచుకున్నాను. కిటికీలోంచి బయటికి చూశాను.

నిజంగానే అదే నా పని. నంద్యాలలో మిషన్ బడి గులకరాళ్ల మైదానంలో నేనూ, అన్న దేవదానమూ ఒట్టి కాళ్లతో నేర్చుకున్నాం. డెబ్బైల్లో సికింద్రాబాదు నుంచి ఒక క్లబ్బాయన వచ్చి చూసి, ఇద్దర్నీ రమ్మన్నాడు. ముందు అడిగింది అన్ననే. ఆటలో వాడే మొనగాడు. కానీ ఆ ఏడే నాయన చనిపోయాడు. చెల్లెలు చిన్నది. "నువ్వు పో రత్నా. నాకు ట్రాక్టరు ఉంది," అన్నాడు అన్న. ట్రాక్టరు వాడిది కాదు, శిరివెళ్ల రైతుది. వాడు డ్రైవరు.

నేను పోయాను. సికింద్రాబాదు తర్వాత కలకత్తా. గడ్డి మైదానాలే గానీ, వానలో, బురదలో ఆడించేవాళ్లు. గోలు కొట్టిన రోజు భుజాల మీద మోసినవాళ్లే, పై వారం ఇటుక ముక్కలు విసిరారు. తర్వాత గోవాలో గనుల కంపెనీ జట్టు. పొద్దున లారీల తూకం దగ్గర పని, సాయంత్రం ఆట. మోకాలు పోయింది అక్కడే. మలబారులో కోతలైన మడుల్లో వెదురు గ్యాలరీల నడుమ ఏడుగురి ఆటలు. చివరికి బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ జట్టు. ఎక్కడా రెండు సీజన్లకు మించి ఉంచుకోలేదు. పెద్ద పేరు రాలేదు. పేపర్లో రెండుమూడు సార్లు పడింది, అందులో ఒకసారి తప్పుగా అచ్చేశారు.

పొద్దెక్కాక నంద్యాలలో దిగాను. స్టేషన్ నుంచి ఇల్లు దూరమేం కాదు. కానీ మ్యాచ్ ఆ సాయంత్రమే. నేరుగా బస్టాండుకు పోయి ఆళ్లగడ్డ ఎర్ర బస్సు ఎక్కాను. సీటు దొరకలేదు. కండక్టరు నేను కుంటడం చూసి, "ఈడ కూచో అన్నా," అని తన సీటు ఇచ్చాడు. ఎడమచేతి వైపు దూరంగా నల్లమల కొండలు, రోడ్డుకు రెండు పక్కలా కోతకొచ్చిన వరి. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగింది. ప్రతి ట్రాక్టరు మీదా అన్న కోసం చూశాను. వాడు లేడు.

ఆళ్లగడ్డలో శెట్టిగారి ఇంట్లో రాగిముద్ద, పప్పు పెట్టారు. చేతులు కడుక్కుంటూ, "ఫైనల్ ఎవరి మీద?" అని అడిగాను.

"నంద్యాలోళ్ల మీద. ఎట్లన్నా గెలవాల. అందుకే గదా నిన్ను పిలిపించింది," అన్నారు శెట్టిగారు.

మైదానంలోకి దిగేసరికి అవతల జట్టులో, అందరికన్నా వెనక, నడుం మీద చేతులు పెట్టుకుని అన్న నిలబడి ఉన్నాడు. ఆట మానేశాడనుకున్నాను. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడొచ్చినావ్?"

"ఇప్పుడే. నువ్వింకా ఆడతాండావా?"

"వీళ్లకు ఎనకల నిలబడేవాడు లేడు," అన్నాడు. అంతలో విజిల్ పడింది.

మొదటి సగమంతా వాడు నన్ను కదలనివ్వలేదు. ఎటు తిరగబోతున్నానో నాకన్నా ముందే తెలిసినట్టు అక్కడ ఉండేవాడు. ఎందరో డిఫెండర్లను చూశాను, అంత శుభ్రంగా బంతి తీసుకున్నవాడు లేడు. చెరొక గోలుతో సమానంగా ఉన్నాం. ఆట ముగుస్తుందనగా మధ్యలోంచి నాకొక పొడుగు బంతి వచ్చింది. ఛాతీతో ఆపి ఎడమకు తిరిగాను. మోకాలు మడత పడలేదు. బంతి నా కాలికి ఒక గజం ముందుకు పోయింది. అన్న అక్కడే ఉన్నాడు. జారుతూ కాలు వేస్తే బంతి వాడిదే.

వాడు వేయలేదు. ఆగిపోయాడు.

నేను కుడికాలితో కొట్టాను. బంతి గోల్లోకి పోయింది. జనం లోపలికి వచ్చేశారు. శెట్టిగారు నా మెడలో బంతిపూల దండ వేశారు. దండ వేస్తున్నంతసేపూ నేను అన్ననే చూస్తున్నాను. వాడు ఓడిన కుర్రాళ్ల భుజాలు తడుతూ తిరుగుతున్నాడు.

అన్న చేతిపంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే పక్కకు పోయి అడిగాను.

"అన్నా, నా మీదికి ఎందుకు రాలేదు?"

"అందలేదు."

"అబద్ధం జెప్పొద్దు."

అన్న పంపు కొట్టడం ఆపాడు. "నీ మోకాలు మొదట్లోనే జూసినా. మడ్చలేక పోతాండావ్. నేను కాలేసింటే అది ఇంక అతికేది కాదు."

"మీవోళ్లు ఓడిపోయిరి గదా."

"వాళ్లకేం. వచ్చే ఏడు మళ్లా ఆడతారు."

ఎన్ని ఊళ్లలో ఎందరు నన్ను తన్నినా, ఆట ముగిసినట్టు అనిపించలేదు. అన్న జాలిపడి ఆగిపోయాక అనిపించింది. తల వంచుకుని చాలాసేపు మొహం కడుక్కున్నాను. వాడు మళ్లా పంపు అందుకుని కొడుతూనే ఉన్నాడు.

తిరుగు ప్రయాణం నంద్యాల జట్టు లారీలో. పొద్దు కుంకుతోంది. గెలిచిన జట్టువాణ్ణి నేను, ఓడినవాళ్ల నడుమ కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. కుర్రాళ్లు కలకత్తా గురించి అడిగితే చెప్పాను. అన్న లారీ పక్క చెక్కకు ఆనుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు, వినడం లేదనుకున్నాను. శిరివెళ్ల దాటాక ఉన్నట్టుండి అడిగాడు.

"రత్నా, గడ్డి మీద ఆడితే ఎట్లుంటాది?"

పచ్చని మైదానాల మీద నేను అన్నేళ్లు ఆడితే, వాడు ఒక్కరోజు కూడా ఆడలేదు.

"మెత్తగుంటాది అన్నా. పడినా నొప్పి తెలీదు."

"అట్లనా," అన్నాడు. మళ్లా రోడ్డు వైపు తిరిగి, "బాగుంటాదిలే," అన్నాడు.

ఇంట్లో రెండు రోజులున్నాను. నేను వద్దంటున్నా వదిన రోజూ మోకాలికి ఆముదం కాచి పట్టు వేసింది. మూడో రోజు పోస్టాఫీసుకు పోయి, రాలేనని మలబారుకు తంతి ఇచ్చాను. అన్నకు చెబితే తలాడించాడంతే. స్టేషనుకు వచ్చి, నా సంచి కిటికీలోంచి అందించి, "తొందరగా రా," అన్నాడు.

బెంగళూరులో ఫ్యాక్టరీవాళ్లు నన్ను స్టోరు పనికి మార్చుకున్నారు. ఆ తర్వాత పోటీల్లో ఆడలేదు. ఎక్కడెక్కడో తిరిగిన ఆ ప్రయాణాలన్నీ ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఏ గోలు ఏ ఊళ్లో కొట్టానో సరిగ్గా చెప్పలేను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే ఆ గంటన్నర దారి మాత్రం మలుపు మలుపూ గుర్తుంది. ఆ చివర మైదానంలో నాకన్నా మంచి ఆటగాడు ఒకడు నా కోసం ఆగాడు.