ఆషాఢం గాలిలో ఉప్పుకండలు

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువుల్లో ఒక ఆషాఢం. పక్కింటి వదిన గొర్రెల మంద మేత లేక కరిగిపోతోంది. గడ్డి డిపో తెరుస్తామని చెప్పిపోయిన సర్కారు జీపు మళ్ళీ మా ఊరి మొహం చూడలేదు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. సంత బేపారికి ఇచ్చే బదులు తెలిసినవాళ్ళకు ఇవ్వడం మేలని ఆమె ఒక పొట్టేలును నాకు అమ్మింది. బేపారి చెప్పిన కరువు వెలే నేనూ ఇచ్చాను. బేరమాడలేదు గానీ, ఒక్క రూపాయి ఎక్కువా పెట్టలేదు.

కోసి, పోగులు పంచగా మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించాం. ఉప్పుకండలు చేసి ఎండబెడదామంటే ఆషాఢం మబ్బు. వానా పడదు, ఎండా కాయదు. ఇంక పొగబెట్టడమే.

మోటార్ల పని నేను బడిలో నేర్చుకోలేదు, కాలిపోయినవాటిని విప్పి నేర్చుకున్నాను. ఆ పొగరుతో డీజిల్ డ్రమ్ము అడుగున రంధ్రం చేసి, బ్యాటరీతో తిరిగే చిన్న బ్లోయర్ తగిలించాను. పాత ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌ను మూత కింద వేలాడదీశాను. లోపల వేడి ఎక్కితే బ్లోయర్ ఆగుతుంది, తగ్గితే తిరుగుతుంది. డ్రమ్ములో నిప్పు వేసి, పైన కండలు వేలాడగట్టాను.

కానీ పడమటి గాలి నా థర్మోస్టాట్ మాట వింటుందా? బ్లోయర్ ఆగినా గాలే రంధ్రంలో దూరి నిప్పును రాజేస్తోంది. ఒక రేకు తెచ్చి అడ్డం నిలబెట్టాను. నిప్పు అణిగింది. పొగ మాత్రం నేరుగా వదిన దొడ్డిలోకి పోయింది.

కాసేపటికి ఆమె వచ్చింది.

"ఏమప్పా, నీ పొగకు నా గొర్రెలు మేతలో మూతి పెట్టకుండా ఉండాయి. ఒకటే అరస్తాండాయి."

"ఆపేస్తాలే వదినా."

"ఆపితే కండలు కుళ్ళిపోవా? కోసిన జీవిని కుళ్ళబెడతావా? కానీలే, నేనే ఆపక్కకు తోలుకపోతా."

మా ఇంటామె గడపలోంచి ఎత్తిపొడిచింది. "మిషన్లు చేసినాడు మహానుభావుడు! గాలికి గూడా ఒక స్విచ్చి పెట్టకపోయినాడు."

వదిన గొర్రెలను పొగ రాని పడమటి బయలుకు తోలింది. నెత్తిన మోసుకెళ్ళిన శెనక్కాయ కట్టెను, ఆ ఎండిన వేరుశెనగ చెట్ల మేతను, కింద వేయగానే గాలి ఎగరేసుకుపోతోంది. ఆమె దాని మీద పడి రెండు చేతులా అదిమి పట్టుకుంది. గొర్రెలు ఆ చేతుల సందుల్లో మూతులు దూర్చి తింటున్నాయి. పొట్టేలుకు నేనిచ్చిన దుడ్లతోనే ఆ మేత కొన్నదని నాకు తెలుసు.

చూస్తూ నిలబడలేకపోయాను. డ్రమ్ముకు అడ్డమున్న రేకు పీకి, మోసుకుపోయి ఆమె పక్కన నిలబెట్టి రాళ్ళు ఊతం పెట్టాను. గొర్రెలు దాని మాటున తలలు వంచాయి. మనసు కొంచెం తేలికపడింది.

తిరిగి వచ్చేసరికి డ్రమ్ము కొలిమిలా మండుతోంది. థర్మోస్టాట్ బ్లోయర్‌ను బుద్ధిగా ఆపే ఉంచింది. గాలికి లేచిన మంట కారే కొవ్వుకు అంటుకుంది. కండలు నల్లగా మాడి వేలాడుతున్నాయి.

మందను తోలుకొస్తూ వదిన చూసింది.

"నిన్ను రేకు ఎవరడిగినారప్పా? నేను పట్టుకోనుంటి కదా!"

"మేత ఎగిరిపోతాంటే చూస్తా ఎట్లుండేది వదినా?"

"మేత పోతే పోయె. సీసాతో పాలు తాపి పెంచినదాన్ని మసి చేస్తివే!"

రేకు మోసినవాణ్ణి, ఆ పొట్టేలుకు న్యాయమైన వెల ఎందుకు కట్టలేదు? జీపులో వచ్చినవాళ్ళను తిట్టడానికి మాత్రం నాకు నోరుంది.

ఇంటామె పారేయమంది. నేను పారేయలేదు. కత్తితో మసి గీకి, చేదును పులుసులో ముంచి తిన్నాను. ఆ కండలు ఉన్నన్నాళ్ళూ వదిన దొడ్డి ఊడుస్తూ గోడ మీదుగా అడిగేది.

"తింటాండావా?"

"తింటాండా వదినా."